ముందు గచ్చు చూడండి, తర్వాత లిఫ్ట్: ఇంటి గరాజ్ లిఫ్టులపై అపోహలు - వాస్తవాలు

డల్లాస్ చుట్టుపక్కల ఇళ్లలో, షెడ్లలో కారు లిఫ్టులు బిగించడం నా పని. ఫ్రిస్కో, ప్లేనో వైపు నుంచి మనవాళ్ల ఫోన్లు చాలా వస్తుంటాయి. అందరి మొదటి ప్రశ్నా ఒకటే: "అన్నా, ఏ కంపెనీది తీసుకోమంటావ్?" నేను కంపెనీ సంగతి పక్కన పెట్టి, గరాజ్ ఫొటోలు రెండు పంపమంటాను. పైకప్పుది ఒకటి, గచ్చుది ఒకటి.

అపోహ: కాంక్రీట్ గచ్చు ఉంటే చాలు, టూ పోస్ట్ లిఫ్ట్ బిగించేయొచ్చు.

టూ పోస్ట్ అంటే రెండు స్తంభాలకున్న చేతులతో కారుని ఎత్తేది, ఆ స్తంభాలను గచ్చు తొలిచి బోల్టులతో బిగించాలి. ఇళ్లకు ఎక్కువగా కొనే, 9,000, 10,000 పౌండ్ల బరువెత్తే టూ పోస్ట్ లిఫ్టులకు మామూలుగా కనీసం 4 అంగుళాల మందం, 3,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బలం ఉన్న కాంక్రీట్ కావాలి. కొన్ని మోడళ్లు ఇంకా మందం అడుగుతాయి. కొత్తగా పోసిందైతే 28 రోజులు ఆగాలి. ఇంతవరకు వీడియోలు చూసినవాళ్లందరికీ తెలుసు.

తెలియని సంగతి నేలలో ఉంది. ఇక్కడి నల్లమట్టి మన నల్లరేగడికి తోబుట్టువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందుకే ఈ వైపు చాలా ఇళ్లకు పోస్ట్ టెన్షన్ స్లాబ్ వేస్తారు. (మన ఊళ్లో స్లాబ్ అంటే నెత్తి మీదిది, ఇక్కడ కాళ్ల కిందది.) దాని లోపల అరంగుళం మందం స్టీలు తాళ్లు ఉంటాయి. ఒక్కోదాన్ని దాదాపు 33,000 పౌండ్ల బలంతో లాగి బిగిస్తారు. డ్రిల్లు తగిలి ఒకటి తెగిందా, గచ్చు పగలగొట్టుకుని పైకి తన్నుకురావచ్చు. ప్రాణాల మీదికి వచ్చే పని.

కిందటేడు ఒక తమ్ముడు లిఫ్ట్ తెప్పించి, పెట్టె కూడా విప్పేసి నన్ను పిలిచాడు. గరాజ్ తలుపు దగ్గర పరిచిన రబ్బరు మ్యాట్ పక్కకి లాగాను. పోస్ట్ టెన్షన్ స్లాబ్, కోయకూడదు, తొలవకూడదు అని కాంక్రీట్‌లో ఇంగ్లిషు అచ్చు గుద్ది ఉంది. ఆరేళ్లుగా ఆ అక్షరాల మీద నుంచే కారు పోనిస్తున్నాడు. "నాలుగంగుళాల లోతు బెజ్జమే కదన్నా, తగలదులే" అన్నాడు. నాలుగైదు అంగుళాల గచ్చులో ఆ తాళ్లు ఉండేదే నడిమధ్యన. నేను డ్రిల్ మెషిన్ వ్యాన్‌లోంచి దింపలేదు. స్కాన్ చేయించి, ఇంజినీర్‌తో ఒప్పించుకుని బిగించే దారి లేకపోలేదు. నన్నడిగితే మాత్రం ఆ తిప్పలకన్నా వేరే రకం లిఫ్ట్ కొనుక్కోవడం మేలు.

అపోహ: ఫోర్ పోస్ట్ లిఫ్ట్ కారు దాచుకోవడానికే, పనికి అక్కరకు రాదు.

ఫోర్ పోస్ట్‌లో నాలుగు స్తంభాల మధ్య రెండు పట్టాలుంటాయి, వాటి మీద కారు తన చక్రాలతోనే నిలబడుతుంది. ఇళ్ల కోసం చేసే చాలా మోడళ్లను నేలకు బోల్టులు వేయకుండానే వాడుకోవచ్చు (మీ మోడల్ మాన్యువల్‌లో ఆ మాట ఉండాలి). ఆయిల్ మార్చడం, సైలెన్సర్, గేర్‌బాక్స్ పనులు హాయిగా చేసుకోవచ్చు. చక్రాలు విప్పాలంటే పట్టాల మధ్య జరిగే బ్రిడ్జ్ జాక్ విడిగా కొనాలి. బ్రేకులు, సస్పెన్షన్ తరచూ విప్పేవాళ్లకు టూ పోస్టే సుఖం. అంత పని చేసేవాళ్లు నాకు తగిలినవాళ్లలో బహు తక్కువ.

అపోహ: 9 అడుగుల పైకప్పు ఉంటే రెండు కార్లు ఒకదానిపై ఒకటి పెట్టేయొచ్చు.

టేపు తీసి లెక్కేద్దాం. కింద టెస్లా మోడల్ వై, ఎత్తు 64 అంగుళాలు. పట్టాల మందం ఓ 5 అంగుళాలు అనుకోండి. పైన టయోటా క్యామ్రీ, 57. మొత్తం 126, అంటే పదిన్నర అడుగులు. సందులు ఇంకా కలపనేలేదు. తొమ్మిదడుగుల గరాజ్‌లో రెండు మియాటాలు (మాజ్డా వాళ్ల పొట్టి స్పోర్ట్స్ కార్లు) పడతాయి గానీ, మియాటాలు రెండు కొనే తెలుగు కుటుంబం నాకింకా తగల్లేదు.

పైగా గరాజ్ తలుపు తెరిస్తే వచ్చి పడుకునేది పైకప్పు కిందే. మోటారు వేలాడేదీ అక్కడే. తలుపు పట్టాలు పైకి జరిపించి, మోటారు పక్క గోడకి మార్పించే ఖర్చు కూడా లెక్కలో రాసుకోండి.

అపోహ: ఎత్తాక కారు బరువంతా హైడ్రాలిక్ ప్రెషరే మోస్తుంది.

ఎత్తడం వరకే దాని పని. మోయాల్సింది ఇనుప లాకులు. పైకి వెళ్తున్నప్పుడు టక్ టక్ మని వినిపించేది వాటి చప్పుడే. ఆ చప్పుడు వినగానే కారు కిందికి దూరేవాళ్లని చూశాను. కావాల్సిన ఎత్తుకి కాస్త పైదాకా ఎత్తి, లివర్ నొక్కి, బరువు లాకుల మీద కూర్చునేలా దించాలి. అన్ని స్తంభాల్లోనూ లాకు ఒకే మెట్టు మీద పడిందో లేదో కళ్లతో చూడాలి. అప్పుడే కిందికి వెళ్లాలి.

అపోహ: 9,000 పౌండ్ల లిఫ్ట్ మీద 9,000 లోపు ఏ బండైనా సరే.

టూ పోస్ట్‌లో నాలుగు చేతులుంటాయి, ఒక్కోదాని వాటా 2,250 పౌండ్లు. బండి బరువు మాత్రం నాలుగు వైపులా సమంగా ఉండదు. 7,000 పౌండ్ల పికప్‌లో 60 శాతం ముందుంటే, ముందు చేతులు ఒక్కోటి 2,100 మోస్తున్నట్టే, దాదాపు వాటా అంచుకి వచ్చేసినట్టే. ఎలక్ట్రిక్ కార్లకు కింద పరచినదంతా బ్యాటరీయే కాబట్టి, కంపెనీ చూపించిన జాక్ పాయింట్ల దగ్గర తప్ప ఎక్కడా చేయి ఆనకూడదు.

అపోహ: స్టిక్కర్ ఉంది కాబట్టి లిఫ్ట్ సర్టిఫైడే.

ఆ స్టిక్కర్ చాలాసార్లు లిఫ్ట్‌లోని మోటారుది మాత్రమే. అమెరికాలో మొత్తం లిఫ్ట్‌ని పరీక్షించాక వచ్చే గుర్తు ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ వారి బంగారు రంగు లేబుల్. "ప్రమాణాలకు తగ్గట్టు చేశాం" అని ప్రకటనలో రాసుకున్నంత మాత్రాన సర్టిఫై అయినట్టు కాదు. ఆ సంస్థ జాబితాలో మోడల్ నంబర్ వెతికి చూసుకోండి, రెండు నిమిషాల పని. సెకండ్‌హ్యాండ్ తీసుకుంటే నేలకు బిగించే పాత యాంకర్ బోల్టులు మళ్లీ వాడొద్దు.

ఆ తమ్ముడు చివరికి టూ పోస్ట్ వెనక్కిచ్చి, ఫోర్ పోస్ట్ పెట్టించుకున్నాడు. పైకారు నుంచి కారే ఆయిల్ పట్టే డ్రిప్ ట్రే దండగన్నాడు. నెల తిరక్కుండానే పైనున్న పాత మస్టాంగ్ నుంచి వాళ్లావిడ కారు బానెట్ మీద నల్లటి చుక్కలు మూడు పడ్డాయి. ఆ సాయంత్రమే ఫోన్ చేశాడు, ట్రే ఎప్పుడు తెస్తావన్నా అని.