అమెరికా గ్రంథాలయ వృత్తి తెల్లవాళ్లది ఎలా అయింది?

అమెరికాలో లైబ్రేరియన్లు తమ వృత్తిలోని జాతివివక్ష గురించి గట్టిగా మాట్లాడుతుంటే కొత్తగా పుట్టిన గొడవలా చూసేవాళ్లున్నారు. 2009-10 లెక్కల ప్రకారం అక్కడ అర్హత పొందిన లైబ్రేరియన్లలో నూటికి 88 మంది తెల్లవాళ్లు. ఈ పరిస్థితి దానంతటదే రాలేదు.

1939 ఆగస్టు 21న వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో ఐదుగురు నల్లజాతి యువకులు ఒకరి వెనక ఒకరు పబ్లిక్ లైబ్రరీకి వెళ్లి సభ్యత్వ కార్డు అడిగారు. కుదరదన్నారు. తలా ఓ పుస్తకం తీసుకుని, వేర్వేరు బల్లల దగ్గర కూర్చుని చదువుకోసాగారు. పోలీసులొచ్చి అరెస్టు చేశారు. ఈ నిరసనకు పథకం వేసింది అదే ఊరి యువ న్యాయవాది శామ్యూల్ టక్కర్. మరుసటేడు నగరపాలకులు నల్లవాళ్లకు విడిగా చిన్న లైబ్రరీ కట్టి, వాడేసిన పుస్తకాలు, పాత సామాను సర్దారు. దాని కార్డు నాకొద్దని టక్కర్ ఉత్తరం రాశాడు. ఆ యువకుల మీద కేసులు కొట్టేసింది 2019లో!

గుమ్మం దగ్గర ఆపడం అందరికీ కనిపించేదే. వృత్తి లోపల జరిగింది అంతకన్నా లోతైనదని నేననుకుంటాను. 1936లో లైబ్రేరియన్ల జాతీయ సంఘమైన అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ మహాసభ వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో జరిగింది. నల్లజాతి ప్రతినిధులు సభకు రావచ్చు గానీ హోటల్లో గది దొరకదు, భోజనాలకు కూర్చోకూడదు, సభలో కూడా వాళ్ల వరస వేరు. అలెగ్జాండ్రియా అరెస్టుల ఏడాదే, నల్లజాతి లైబ్రేరియన్లను తయారుచేస్తున్న హాంప్టన్ స్కూలు మూతపడింది.

పుస్తకాల నంబర్లనూ వివక్ష వదల్లేదు. విషయాన్ని బట్టి పుస్తకాలకు నంబర్లిచ్చి సర్దే దశాంశ వర్గీకరణ రూపొందించిన మెల్విల్ డ్యూయీ నడిపిన లేక్ ప్లాసిడ్ క్లబ్బులో యూదులకూ నల్లవాళ్లకూ ప్రవేశం లేదు. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1930లో నల్లవాళ్ల పుస్తకాల సేకరణ బాధ్యత తీసుకున్న లైబ్రేరియన్ డొరొతీ పోర్టర్, ఆ పద్ధతి వాడే లైబ్రరీలు నల్లవాళ్ల పుస్తకాలను ఎక్కడ పెడుతున్నాయో గమనించింది. బానిసత్వానికి 326, వలసలకు 325. నల్లజాతి కవి జేమ్స్ వెల్డన్ జాన్సన్ కవితా సంపుటి అయినా సరే 325లోకే! ఆమె ఆ నంబర్లు పక్కనబెట్టి, కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రను చరిత్రలో సర్దింది. కవిని కవిగా లెక్కలోకి తీసుకోవడానికి ఒక లైబ్రేరియన్ ఇంత పోరాడవలసి వచ్చింది.

కొన్ని దక్షిణాది రాష్ట్రాల గ్రంథాలయ సంఘాలు 1960ల దాకా నల్లవాళ్లను చేర్చుకోలేదు. 1964లో ఇ.జె. జోసీ అనే నల్లజాతి లైబ్రేరియన్ జాతీయ మహాసభలో లేచి, వివక్ష చూపే సంఘాల సమావేశాలకు అసోసియేషన్ అధికారులు, సిబ్బంది హోదాతో వెళ్లకూడదని తీర్మానం పెట్టి నెగ్గించాడు. మరుసటేడు జార్జియా సంఘంలో చేరిన మొదటి నల్లజాతి సభ్యుడు ఆయనే. 1970లో నల్లజాతి లైబ్రేరియన్లు తమ హక్కుల కోసం సొంత బృందం (కాకస్) పెట్టుకున్నారు. విడి లైబ్రరీల కాలంలో తాను చేసిన తప్పుకు అసోసియేషన్ 2018లో క్షమాపణ చెప్పింది. తర్వాతి ఏడాది తన పతకం నుంచి డ్యూయీ పేరు తీసేయాలని నిర్ణయించింది.

ఇప్పుడు వాదన డబ్బు దగ్గరికి వచ్చింది. లైబ్రేరియన్ ఉద్యోగానికి చాలాచోట్ల మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. అప్పు చేసి చదివినా జీతం అంతంత మాత్రమే. తరాలుగా ఆస్తి కూడబెట్టుకోనివ్వని కుటుంబాల పిల్లలకు ఆ భారం ఎక్కువ. ఇలాంటి విద్యార్థుల కోసం అసోసియేషన్ 1997లో మొదలుపెట్టిన స్పెక్ట్రమ్ స్కాలర్‌షిప్పులు కొందరికి దారి చూపాయి. మిగతావాళ్ల ఫీజు ఎవరు కడతారన్నదే ఆ వృత్తి ఇంకా తేల్చని విషయం.