340 మీటర్ల ట్రాక్ అసలు ఎంత పెద్దది?

స్పీడ్‌వే అనే బైక్ రేసు మనవైపు చూసినవాళ్ళు తక్కువ కాబట్టి ముందు అదేంటో చెప్పేసి అసలు విషయానికి వస్తా. కోలగా ఉండే మట్టి ట్రాక్, నలుగురు రైడర్లు, నాలుగు రౌండ్లు, మొత్తం ఒక నిమిషం అటూఇటూలో అయిపోద్ది. బండి 500 సీసీ సింగిల్ సిలిండర్, ట్యాంకులో పోసేది పెట్రోల్ కాదు మెథనాల్, గేరు ఒక్కటే, బ్రేకులు అసలుండవు. బ్రేకుల్లేకపోవడం వినడానికి భయంగా ఉంటది గానీ దానివల్ల ముందు వెళ్ళేవాడు సడన్‌గా బ్రేకేసి వెనకవాడిని గుద్దించుకునే ప్రమాదం ఉండదు, వేగం తగ్గించాలంటే బండిని అడ్డంగా స్కిడ్ చెయ్యడమే, ఎడమ కాలికి ఇనప తొడుగు వేసుకుని దాన్ని నేలమీద రాస్తూ తిప్పుతారు. ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతారు, అంటే గడియారానికి ఎదురు దిశలో.

ఈ ఆటకి మన విజయవాడ, గుంటూరు రోడ్లకీ ఒక చుట్టరికం ఉంది, జావా. మైసూర్ ఫ్యాక్టరీలో తయారైన జావాలు, తర్వాత యెజ్డీలు మన ఊళ్ళల్లో ఎంతమంది నడిపారో చెప్పక్కర్లేదు. అదే జావా పేరుతో చెకోస్లోవేకియాలో దివిషోవ్ అనే చిన్న ఊళ్ళో స్పీడ్‌వే బండ్లు తయారయ్యేవి, అక్కడి కంపెనీ పేరు మొదట ఈసో, 1964లో జావాలో కలిసింది. మనం నడిపింది టూ స్ట్రోక్, వాళ్ళ రేసు బండి ఫోర్ స్ట్రోక్, రెండిటికీ పోలిక పేరు వరకే అనుకోండి, కానీ పాత జావా ఉన్నవాళ్ళకి ఈ మాట చెప్తే మొహాలు వెలిగిపోతాయి, నేను చూశాను.

ఇంతకీ ట్రాక్ సైజు. అంతర్జాతీయ రూల్స్ ప్రకారం స్పీడ్‌వే ట్రాక్ 260 నుంచి 425 మీటర్ల మధ్య ఉండాలి. అంత తేడా ఎందుకంటే పాతరోజుల్లో చాలాచోట్ల రేసు కోసం స్టేడియం కట్టలేదు, ఫుట్‌బాల్ గ్రౌండ్ చుట్టూనో కుక్కల పందేల ట్రాక్ లోపలో ఎంత చోటుంటే అంతలో వేశారు. మాంచెస్టర్‌లో బెల్ వ్యూ టీమ్ 1987 దాకా ఆడిన హైడ్ రోడ్ ట్రాక్ 418 గజాలు, అంటే 382 మీటర్లు. కార్డిఫ్‌లో రగ్బీ స్టేడియంలో మట్టి పోసి రేసు కోసమే వేసి తర్వాత ఎత్తేసిన ట్రాక్ 277 మీటర్లుండేది. కాలిఫోర్నియాలో కోస్టా మెసా ట్రాక్ 185 గజాలే, 170 మీటర్లు కూడా లేదు, దానికి అంతర్జాతీయ రూల్ వర్తించదు.

ఇక్కడే చాలామంది గమనించని సంగతొకటి ఉంది. ఈ పొడవు ఎక్కడ కొలుస్తారు? లోపలి గీత నుంచి ఒక మీటరు బయటకి జరిగి కొలుస్తారు. మరి రైడర్ సరిగ్గా ఆ గీత మీదే వెళ్ళడు కదా. మీరు ఒక్క మీటరు బయటకి జరిగితే రౌండుకి 6.28 మీటర్లు ఎక్కువ తిరుగుతారు, రెండు పైలు (2 × 3.14), అంతే. ట్రాక్ 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా సరే అదే 6.28, ఇది నాకు ఎప్పుడు తల్చుకున్నా ఆశ్చర్యంగానే ఉంటది. ఎనిమిది మీటర్లు బయటనుంచి వెళ్ళేవాడు రౌండుకి 50 మీటర్లు, నాలుగు రౌండ్లకి 200 మీటర్లు ఎక్కువ నడిపినట్టు. ఒకే రేసులో ఒకడు నడిపిన ట్రాక్, ఇంకొకడు నడిపిన ట్రాక్ వేరే వేరే సైజులు.

ఆటోనగర్లో ఒక షెడ్డులో ఇద్దరు పెద్దవాళ్ళు దీనిమీదే వాదించుకోవడం విన్నాను. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు గుంటూరు వైపు ఎండాకాలంలో ఎండిపోయిన ఒక చెరువులో కుర్రాళ్ళంతా కలిసి పెట్టుకున్న మట్టి రేసుల్లో నడిపినవాళ్ళు.

"మూడొందల మీటర్లుంటది బావా, అంతకంటే లేదు."

"ఏం మాట్లాడతన్నావ్, అర కిలోమీటరుకి తక్కువుండదు!"

బాబాయ్, మీరు లోపల్నుంచి వెళ్ళేవారా బయట్నుంచా అని అడిగాను. మూడొందలు అన్నాయన లోపలి గీత పట్టుకుని వెళ్ళేవాడట, అర కిలోమీటరు అన్నాయన గట్టు వారగా. ఈయన సుద్దముక్కతో షెడ్డు గచ్చు మీద ఆ మలుపు గీసి చూపించాడు, గీస్తుంటే చెప్పుతో సహా ఎడమకాలు దానంతటదే పక్కకి జారింది, గీత కూడా స్ట్రైట్ దగ్గర సన్నగా, మలుపు దగ్గర ఒత్తి లావుగా వచ్చింది. ఆ కాలు చూశాక ఆయన లెక్క తప్పని తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పలేదు.

పోనీ పొడవు కరెక్టుగా తెలిసిందనుకుందాం, 340 మీటర్లు. అయినా ట్రాక్ ఎలా ఉంటదో తెలిసినట్టు కాదు. మలుపు రేడియస్ 25 మీటర్లయితే రెండు మలుపులకి 157 మీటర్లు పోయి, ఒక్కో స్ట్రైట్ 90 మీటర్ల పైన వస్తది. రేడియస్ 40 మీటర్లయితే మలుపులకే 251 పోతది, స్ట్రైట్ 44 మీటర్లే. కాగితం మీద రెండూ 340. మొదటిదాంట్లో ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పి వచ్చి సడన్‌గా వదలాలి, బండిని అడ్డంగా విసరాలి, మళ్ళీ తిప్పాలి. రెండోదాంట్లో ఎక్కువసేపు తిప్పే ఉంచొచ్చు, రైడర్లు ఇలాంటిదాన్నే పెద్ద ట్రాక్ అంటారు, మొదటిదాన్ని చిన్నది, ఇరుకు అంటారు, టేపు ఏం చెప్పినా సరే.

దీని వెనకున్న ఫిజిక్స్ మనం ఇంటర్లో చదివిందే, వేగం వర్గాన్ని రేడియస్‌తో భాగిస్తే వచ్చేది. మట్టిలో టైరుకి దొరికే గ్రిప్ భూమ్యాకర్షణలో 0.8 వంతు అనుకోండి (ఉదాహరణకే), 25 మీటర్ల మలుపులో గంటకి 50 కిలోమీటర్ల దాకా పోవచ్చు, 40 మీటర్ల మలుపులో 64 దాకా. రేడియస్ 60 శాతం పెరిగితే వేగం పెరిగింది పావువంతు చిల్లర, ఎందుకంటే వర్గమూలం కాబట్టి. అంటే పెద్ద మలుపులో వేగంగా వెళ్తూ కూడా మలుపు లోపల ఎక్కువసేపు ఉంటాడు, మా లెక్కలో 7.1 సెకన్లు, చిన్నదాంట్లో 5.6. అంతసేపూ బండి అడ్డంగానే, ముందు చక్రం కుడికి తిరిగి ఉంటది, బండి ఎడమకి పోతా ఉంటది, వెనక చక్రం నేల వేగం కంటే ఎక్కువ వేగంతో తిరుగుతూ మట్టి చిమ్ముతా ఉంటది, అలా చిమ్మడంలోనే బండిని లోపలికి నెట్టే బలం కూడా కొంత పుడతది.

ఆ చిమ్మిన మట్టి ఊరికే పోదు. రేసు రేసుకీ లోపలి లైన్ గట్టిగా నున్నగా అయిపోద్ది, వదులు మట్టంతా బయటి అంచుకి చేరి గుట్టలా పేరుకుంటది, అక్కడ టైరు దిగబడి గ్రిప్ బాగా దొరుకుతది. అందుకే మధ్యమధ్యలో ట్రాక్టర్‌తో చదును చేసి ట్యాంకర్‌తో నీళ్ళు కొడతారు. సాయంత్రం మొదటి రేసులో లోపలి లైన్ మీద గెలిచినవాడు చివరి రేసులో కంచె వారగా వెళ్తే తప్ప గెలవకపోవచ్చు. పొద్దుగూకేలోపు ఒకే ట్రాక్ నడిపేవాడికి ఇరవై ముప్పై మీటర్లు పెరిగిపోద్ది, ఏ రికార్డు పుస్తకంలోనూ ఈ పెరుగుదల ఎక్కదు.

షెడ్డులో పెద్దాయన మూడొందలకి బయటి లైన్ లెక్కన ఒక యాభై కలిపినా 350 అవుతది, మరి మిగిలిన తేడా, ఆ అర కిలోమీటరు సంగతేంటి? దీనికి మెదడు వైపు నుంచి చూడాలి. అమెరికాలో డేవిడ్ ఈగిల్‌మన్ బృందం 2007లో ఒక ప్రయోగం ప్రచురించింది, మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వెనక్కి వల మీదకి వదిలేశారు. తర్వాత ఎంతసేపు పడ్డారో గుర్తుచేసుకోమంటే, వేరేవాళ్ళు పడుతుంటే చూసి చెప్పినదానికంటే తమది సగటున 36 శాతం ఎక్కువ చెప్పారు. పడుతున్నప్పుడు నిజంగా అంతా స్లో మోషన్లో కనిపించిందా అని చేతికి మెరిసే అంకెల పరికరం కట్టి చూస్తే అదేం లేదు, చూపు మామూలుగానే ఉంది. భయంలో జ్ఞాపకం ఎక్కువ వివరాలతో దట్టంగా రాసుకుంటుందనీ, తర్వాత తిరగేస్తే అదే ఎక్కువసేపులా అనిపిస్తుందనీ వాళ్ళ వివరణ. గట్టు వారగా బ్రేకులు పనికిరాని మట్టిలో తిప్పినాయనకి ఆ మలుపు పొడుగ్గా గుర్తుండటం నాకైతే న్యాయంగానే అనిపిస్తది, ఆ 350ని 36 శాతం పెంచి చూడండి, 476. ఇది రుజువేం కాదు, ప్రయోగం సమయం గురించి, ఈయన చెప్పేది దూరం గురించి, కానీ ఒక దారి చూపిస్తది.

పాత ట్రాకుల్లో చాలావరకు ఇప్పుడు లేవు. 1936లో మొదటి ప్రపంచ ఫైనల్, 1981లో అమెరికా రైడర్ బ్రూస్ పెన్‌హాల్ గెలిచిన ఫైనల్ జరిగిన లండన్ పాత వెంబ్లీ స్టేడియం లేదు, హైడ్ రోడ్ లేదు, మన చెరువులు కూడా సగం ప్లాట్లయిపోయాయి. టేపు పట్టుకుని వెళ్ళి కొలిచే అవకాశం పోయింది, నడిపినవాళ్ళు మాత్రం ఇంకా కొందరున్నారు. వాళ్ళని ట్రాక్ ఎన్ని మీటర్లని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. ఎక్స్‌లేటర్ ఎక్కడ వదిలేవారు, మళ్ళీ ఎక్కడ తిప్పేవారు, గీతకి ఎంత దూరంలో వెళ్ళేవారు, మలుపులో పక్కవాడు ఏ వైపునుంచి దాటేవాడు, ఇవి అడగాలి. వదిలిన చోటుకీ తిప్పిన చోటుకీ మధ్య దూరం నుంచి మలుపు రేడియస్ సుమారుగా వస్తది, గీతకి దూరం తెలిస్తే రెండు పైలతో గుణించి తీసెయ్యొచ్చు, పాత పేపర్లో రేసు టైము ఎక్కడైనా దొరికితే దాంతో సరిచూసుకోవచ్చు.