లెక్క తేడా వస్తే దాచకండి: బయోసెక్యూరిటీలో అపోహలు - వాస్తవాలు

ల్యాబుల్లో బయోసెక్యూరిటీ, అంటే ప్రమాదకర క్రిములు తప్పుడు చేతుల్లో పడకుండా చూసుకోవడం మీద శిక్షణ ఇవ్వడం నా పని. క్లాసు అయ్యాక ఒకరిద్దరు ఆగి, గొంతు తగ్గించి అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే. "మేడమ్, క్రిముల స్టాక్ లెక్క తప్పితే చెప్పాలా? చెప్పినవాళ్ల మీదే కేసు పెడతారటగా?"

అపోహ: వయల్ (క్రిములను దాచే చిన్న సీసా) కనబడలేదని చెబితే చెప్పినవాళ్లే ఇరుక్కుంటారు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం చేసే నష్టం మిగతా అపోహలన్నీ కలిపినా చేయవు. తేడా తెలిసిన రోజే చెబితే ఫ్రీజర్ ఎవరు తెరిచారో, ఏ బాక్సు ఎటు మార్చారో ఇంకా గుర్తుంటుంది. కెమెరా ఫుటేజీ చెరిగిపోయి ఉండదు. నెల తర్వాత చెబితే అవేవీ మిగలవు. వయల్ పొరపాటున చోటు మారిందా, ఎవరైనా పట్టుకెళ్లారా అన్నది ఇక ఎప్పటికీ తేలదు. ల్యాబులో పనిచేసే ప్రతి ఒక్కరూ ఆ అనుమానం మోయాల్సిందే.

ఒక ల్యాబులో ఓ రీసెర్చ్ స్కాలర్ బ్యాక్టీరియా స్టాక్‌లో ఒక వయల్ తక్కువుందని గమనించి, ఎవరికీ చెప్పకుండా రాత్రుళ్లు ఒక్కతే వచ్చి వెతికేది. టెన్షన్‌తో నిద్ర పట్టడం, తిండి సయించడం మానేశాయి. చివరికి నా దగ్గరికొచ్చి ఏడ్చేసింది. ల్యాబులో వాళ్లందరినీ పిలిచి మైనస్ 80 ఫ్రీజర్‌లోని ర్యాకులు ఒక్కొక్కటే బయటికి తీయించాను. డ్రై ఐస్ మీద పెట్టి, లేబుళ్ల మీద మంచు తుడుస్తూ ఒకరు చదువుతుంటే ఇంకొకరు రిజిస్టర్‌లో టిక్ పెట్టారు. కింది అరలో, అంకె సగం చెరిగిపోయిన బాక్సులో దొరికింది. ఫ్రీజర్ డీఫ్రాస్ట్ చేసినప్పుడు ఎవరో పక్క బాక్సులో సర్ది, రిజిస్టర్‌లో రాయడం మరిచారు. ఆ అమ్మాయి మీద ఎవరూ కేసు పెట్టలేదు. రిజిస్టర్ రాసే పద్ధతి మాత్రం మారింది.

అయితే ఆ భయం ఊరికే పుట్టదని నాకు తెలుసు. తేడా చెప్పినవాళ్లను మీటింగులో అందరి ముందూ తిట్టే రీసెర్చ్ గైడ్లు ఉన్నారు. వాళ్లంటే నాకు కోపం. ఒక్కసారి అలా అరిస్తే చాలు, ఆ ల్యాబు నుంచి ఇంకో నిజం బయటికి రాదు.

దాచడం దేశాల స్థాయిలో ఎలా ఉంటుందో 1979 చూపించింది. సోవియట్ యూనియన్‌లోని స్వెర్ద్‌లోవ్‌స్క్‌లో సైనిక కేంద్రం నుంచి ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే బ్యాక్టీరియా గాలిలోకి లీకైంది. కనీసం 66 మంది చనిపోయారు. కలుషితమైన మాంసం వల్ల అని ప్రభుత్వం చెప్పింది. అది సైన్యం వల్ల జరిగిందని రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఒప్పుకున్నది 1992లో.

అపోహ: జీవాయుధాలపై అంతర్జాతీయ నిషేధం ఉంది, తనిఖీలు అంతర్జాతీయ సంస్థలే చూసుకుంటాయి.

వాస్తవం: నిషేధం ఉంది, 1975 నుంచి అమల్లో ఉంది. కానీ రసాయన ఆయుధాలకు ఉన్నట్టు దీనికి తనిఖీ బృందాలు లేవు. తనిఖీల ప్రోటోకాల్ కోసం ఏళ్ల తరబడి సాగిన చర్చలు 2001లో కుప్పకూలాయి. స్వెర్ద్‌లోవ్‌స్క్ లీకు జరిగిన నాటికి సోవియట్ యూనియన్ ఈ ఒప్పందంలో సభ్యదేశమే. కాబట్టి చాలా భారం ఆయా దేశాల చట్టాల మీద, మీ ల్యాబు రిజిస్టర్ మీదే ఉంది.

అపోహ: ముప్పు బయటివాళ్ల నుంచే. గేటు దగ్గర గార్డు ఉంటే చాలు.

వాస్తవం: 2001లో అమెరికాలో ఆంత్రాక్స్ పొడి పెట్టి పంపిన ఉత్తరాల వల్ల ఐదుగురు చనిపోయారు, 17 మంది జబ్బుపడ్డారు. ఆ పని సైనిక పరిశోధన సంస్థలోని ఒక శాస్త్రవేత్తదేనని ఎఫ్‌బీఐ తేల్చింది. ఆయన ముందే చనిపోవడంతో కోర్టు విచారణ జరగలేదు. లోపల పనిచేసేవాళ్ల మానసిక ఒత్తిడిని పట్టించుకోవడం కూడా భద్రతలో భాగమే.

అపోహ: ఇంటర్నెట్ చూసి ఎవరైనా ఇంట్లో జీవాయుధం చేసేయగలరు.

వాస్తవం: డబ్బు, చదువుకున్న మనుషులు దండిగా ఉన్న ఓమ్ షిన్రిక్యో అనే జపాన్ మత ముఠా 1993లో టోక్యోలో ఆంత్రాక్స్ చల్లితే ఎవరూ చనిపోలేదు. వాళ్లు వాడింది పశువుల టీకాకు వాడే బలహీనమైన రకం. అలాగని నిర్లక్ష్యం చేయొద్దు. ఆ తర్వాత టెక్నాలజీ చాలా మారింది.

అపోహ: కొత్త జబ్బు ఏది వచ్చినా ఎవరో వదిలిన ఆయుధమే.

వాస్తవం: ఆధారం లేకుండా ఇలాంటివి ఫార్వర్డ్ చేయకండి. భయపడ్డ రోగి ఆస్పత్రికి రాడు, వచ్చినా నిజం చెప్పడు. అనుమానం నిజంగా ఉంటే దర్యాప్తు చేయించే అధికారం ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి ఉంది.

అపోహ: సింథటిక్ డీఎన్‌ఏ (కంపెనీలు తయారుచేసి అమ్మే డీఎన్‌ఏ) ఆర్డర్ ఆపారంటే నన్ను ఉగ్రవాదిగా చూస్తున్నారు.

వాస్తవం: కాదు. పెద్ద కంపెనీల్లో చాలావరకు ఆర్డర్ చేసిన సీక్వెన్సును (డీఎన్‌ఏ అక్షరాల వరుసను) ప్రమాదకర క్రిముల జాబితాతో పోల్చి, కొనేవాళ్ల వివరాలు చూస్తాయి. ఇందుకోసమే కొన్ని కంపెనీలు 2009లో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. అందరూ ఇలా చూడటం లేదన్నదే నా దిగులు. మీకు అలాంటి ఈమెయిల్ వస్తే కంగారుపడి ఆర్డర్ రద్దు చేసుకోకండి. పని ఏమిటో సంస్థ లెటర్‌హెడ్ మీద రాసి, బయోసేఫ్టీ కమిటీ అనుమతి కాపీ జత చేసి పంపండి.