రెపో తగ్గిందని రూపాయి వడ్డీ వెంట పడకండి: అపోహలు - వాస్తవాలు

గత నెల ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసుకి వచ్చారు. చేతిలో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ (ఎస్‌సీఎస్‌ఎస్) పాస్‌బుక్, దాని మధ్యలో మడత పెట్టిన ఒక బాండు కరపత్రం. "బాబూ, ఆర్బీఐ వాళ్లు వడ్డీలు తగ్గిస్తూనే ఉన్నారట కదా. ఈ ముప్పై లక్షలు తీసేసి ఇందులో పెట్టించు. రూపాయి వడ్డీ ఇస్తారట, రేటింగ్ కూడా ఉందట" అన్నారు.

మాస్టారి స్కీమ్‌లో వడ్డీ 8.2 శాతం. ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటు ఐదేళ్ల దాకా కదలదు. మూడు నెలలకోసారి 61,500 రూపాయలు ఆయనకు పడుతున్నాయి. ఖాతా తెరిచి ఏడాది దాటింది, రెండేళ్లు నిండలేదు. ఇప్పుడు మూసేస్తే అసలులో ఒకటిన్నర శాతం, అంటే 45,000 రూపాయలు కోత పడుతుంది. ఇది చెబితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మరి రేట్లు తగ్గాయని టీవీలో అంత గట్టిగా చెప్పారే?" అన్నారు. తగ్గింది కొత్తగా వేసేవాళ్లకి. ఇప్పటికే నడుస్తున్న ఫిక్సెడ్ డిపాజిట్‌ని గానీ, మీ ఎస్‌సీఎస్‌ఎస్‌ని గానీ ఏ ఆర్బీఐ ప్రకటనా ముట్టుకోదు. ఇది నేను వారానికి ఒకరికైనా చెబుతున్నాను.

ఆ భయం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలుసు. 2025లో ఆర్బీఐ తన రెపో రేటుని నాలుగు సార్లు తగ్గించింది. ఫిబ్రవరిలో 6.50 నుంచి 6.25కి, ఏప్రిల్‌లో 6కి, జూన్‌లో ఒకేసారి అర శాతం తగ్గి 5.50కి, డిసెంబరులో 5.25కి. పాత ఎఫ్‌డీ గడువు తీరి రెన్యువల్‌కి వెళితే బ్యాంకులో చెప్పే రేటు విని మనిషి నీరుగారిపోతాడు. వడ్డీ డబ్బుతోనే మందులూ కరెంటు బిల్లూ గడిచే ఇంట్లో ఒక శాతం తేడా అంటే చిన్న విషయం కాదు. అలాంటివాళ్ల మీద నాకు కోపం రాదు. వాళ్ల టెన్షన్‌ని పెట్టుబడిగా పెట్టుకుని వాట్సాప్‌లో "ఈ వారమే ఆఖరు అవకాశం" అని తిప్పేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

అపోహ: ఆర్బీఐ రేట్లు తగ్గిస్తోంది కాబట్టి ఎక్కువ వడ్డీ ఇచ్చే కంపెనీ బాండ్లకి మారిపోవాలి. బాండంటే ఎఫ్‌డీ లాంటిదే, వడ్డీ కాస్త ఎక్కువ.

వాస్తవం: నా దగ్గరికి వచ్చినవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన మాట ఇదే. అందుకే దీన్ని వదలకుండా చెబుతాను.

రెపో అంటే బ్యాంకులు ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి ఆర్బీఐ దగ్గర కొద్ది రోజులకి తీసుకునే అప్పు మీద వడ్డీ. బాండు కొంటే మీరు కంపెనీకి అప్పిచ్చినట్టే. ఫలానా కంపెనీ మూడేళ్ల తర్వాత మీ అసలు తిరిగి ఇస్తుందా లేదా అన్నది ఆర్బీఐ చేతిలో లేదు. మన గుంటూరు జిల్లాలో నోటు మీద అప్పిచ్చేవాళ్లకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. పొలమూ మిల్లూ ఉన్న మనిషికి ముప్పావలా వడ్డీకి ఇస్తారు. అటూ ఇటూగా ఉన్నవాడు అడిగితే రెండు రూపాయలు అంటారు. మధ్యలో ఉన్న ఆ రూపాయింబావలా, డబ్బు తిరిగి రాకపోతే ఎలా అన్న అనుమానానికి వేసిన వెల. బాండ్ల మార్కెట్లో దాన్నే స్ప్రెడ్ అంటారు. నోటు రాయించుకునేటప్పుడు అవతలివాడి ఆస్తిపాస్తులన్నీ ఆరా తీసే మనిషే, నున్నటి కాగితం మీద 12 శాతం అని అచ్చేసి ఉంటే ఒక్క ప్రశ్న కూడా వేయడు.

వడ్డీలు తగ్గి డబ్బు ధారాళంగా తిరిగే రోజుల్లో పెద్ద సంస్థలూ చిన్న మదుపరులూ అందరూ కాస్త ఎక్కువ రాబడి కోసమే వెతుకుతారు. దాంతో బలహీనమైన కంపెనీకి కూడా అప్పు సులువుగా పుడుతుంది, స్ప్రెడ్ సన్నబడుతుంది. కంపెనీ బలహీనత అలాగే ఉంటుంది, దాన్ని భరించినందుకు మనకిచ్చే అదనపు వడ్డీ మాత్రం తగ్గిపోతుంది. సరిగ్గా అలాంటప్పుడే మన పెద్దవాళ్లు బాండ్ల వైపు పరిగెడతారు.

ఆర్బీఐ రేటు తగ్గిస్తే కంపెనీలన్నీ భద్రంగా ఉంటాయని నమ్మేవాళ్లకి 2020 ఏప్రిల్ గుర్తు చేస్తాను. అంతకు ముందు నెలలోనే రెపోని ముప్పావు శాతం కోసి 4.40కి దించారు. ఫైనాన్స్ కంపెనీలకు, ముఖ్యంగా మధ్యస్థంగానూ చిన్నవిగానూ ఉన్నవాటికి, డబ్బు అందాలని బ్యాంకులకు 25,000 కోట్లు ఇస్తామని ఏప్రిల్ 23న వేలం పెట్టారు. బ్యాంకులు అడిగింది 12,850 కోట్లు. చౌకగా డబ్బిస్తామన్నా, అది ఆ కంపెనీలకే ఇవ్వాలంటే బ్యాంకులు వెనకడుగు వేశాయి. అదే రోజు ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థ, బాండ్లలో పెట్టుబడి పెట్టే తన ఆరు డెట్ ఫండ్లను మూసేస్తున్నట్టు ప్రకటించింది. వాటిలోని చాలా బాండ్లు తక్కువ రేటింగ్‌వి, ఆ రోజుల్లో కొనే నాథుడు లేడు. మదుపరులకు తర్వాత్తర్వాత డబ్బు వచ్చింది, కానీ విడతలు విడతలుగా. ఆ లోపు ఆపరేషన్లూ పెళ్లిళ్లూ ఆగుతాయా?

రేటింగ్, అంటే కంపెనీ అప్పు తీర్చగలదా అని ఏజెన్సీలు వేసే మార్కు, దాని గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2018 వేసవిలో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ సంస్థకి అన్నిటికంటే పై మార్కు, ట్రిపుల్ ఏ. సెప్టెంబరు ముగిసేసరికి డి, అంటే అప్పు ఎగ్గొట్టినట్టు. ఇళ్ల రుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ కథా ఇంచుమించు అదే. అందులో పెద్ద మొత్తాలు ఎఫ్‌డీలుగా వేసినవాళ్లకి పరిష్కార ప్రణాళికలో పావు వంతు కూడా దక్కలేదు. రేటింగ్ అబద్ధమని కాదు, అది ఆ రోజుకి ఒక అభిప్రాయం. గ్యారంటీ అనుకుంటేనే ప్రమాదం.

మాస్టారికి లెక్క వేసి చూపించాను. పది లక్షలు ఏడు శాతానికి పెడితే ఏడాదికి 70,000. పన్నెండు శాతానికి పెడితే 1,20,000. తేడా 50,000. ఆ కంపెనీ మునిగి అసలు పోతే, పోయిన పది లక్షలు ఆ అదనపు వడ్డీతో పూడ్చుకోవాలంటే ఇరవై ఏళ్లు పడుతుంది. ఆయనకి 67. కాగితం వైపు చాలాసేపు చూశారు.

"సెక్యూర్డ్ అని రాశారు కదా?" అని మరో మాట వస్తుంది. తాకట్టు ఉంటుంది, కానీ అది బాండ్లు కొన్న అందరి తరఫున ఉండే డిబెంచర్ ట్రస్టీ పేరున ఉంటుంది. దాన్ని అమ్మి, పంచి, మీ వాటా మీకు చేరడానికి ఏళ్లు పట్టొచ్చు.

అపోహ: ఆర్బీఐలో రిజిస్టరైన కంపెనీ కాబట్టి డబ్బు ఎక్కడికీ పోదు.

వాస్తవం: మా పెద్దనాన్న కొత్తపేటలో పత్తి వ్యాపారం చేసేవారు. తొంభైల చివర్లో ఒక ఫైనాన్స్ కంపెనీలో రూపాయిన్నర వడ్డీకి డిపాజిట్లు వేశారు. బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు అంత పెద్ద అక్షరాలతో ఉండేది. రెండేళ్లు వడ్డీ ఠంచనుగా వచ్చింది. ఆ తర్వాత ఒక సంక్రాంతి ముందు షట్టరు దిగింది. పిల్ల పెళ్లి కోసం దాచిన డబ్బు అది. పెద్దమ్మ నానుతాడు బ్యాంకులో తాకట్టు పెట్టి ఆ పెళ్లి చేశారు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను, ఆ కంపెనీ ఆఫీసుకి ఆయన వెంట ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. ఈ వృత్తిలోకి రావడానికి అదొక కారణం. రిజిస్ట్రేషన్ అంటే వ్యాపారం చేసుకోవడానికి అనుమతి. ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఇలాంటి ఫైనాన్స్ కంపెనీ, దాని డిపాజిట్‌కి బీమా లేదు.

మన దగ్గర ఇంకో తికమక ఉంది. 1995 నాటి మ్యాక్స్ చట్టం కింద పెట్టిన పరస్పర సహకార సంఘాల ఆఫీసులు కౌంటర్లూ పాస్‌బుక్కులతో అచ్చం బ్యాంకుల్లాగే ఉంటాయి. అవి బ్యాంకులు కావు. బ్యాంకు డిపాజిట్లకి ఉండే డీఐసీజీసీ బీమా వాటికి వర్తించదు. బ్యాంకుల్లో కూడా ఆ బీమా ఒక్కో మనిషికి, ఒక్కో బ్యాంకులో, అన్ని బ్రాంచీలవీ అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకానే. విజయవాడ బ్రాంచిలో ఐదు, గుంటూరు బ్రాంచిలో ఐదు వేస్తే పదికీ బీమా ఉందనుకోవడం తప్పు.

మిగతావి గబగబా చెబుతాను.

బ్యాంకు బాండు, బ్యాంకు ఎఫ్‌డీ ఒకటి కావు. ఏటీ-1 అనే రకం బాండ్లని బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయొచ్చు. 2020 మార్చిలో యెస్ బ్యాంకువి 8,415 కోట్లు అలాగే సున్నా చేశారు. వ్యవహారం కోర్టులకెక్కింది. అదే బ్యాంకులో ఎఫ్‌డీ ఉన్నవాళ్ల డబ్బు కొద్ది రోజులు ఆగింది కానీ పోలేదు.

రెపో తగ్గితే గిల్ట్ ఫండు, అంటే ప్రభుత్వ బాండ్లలో పెట్టే మ్యూచువల్ ఫండు, తప్పకుండా పెరుగుతుందనీ చెప్పలేం. 2025 జూన్‌లో అర శాతం తగ్గించాక పదేళ్ల ప్రభుత్వ బాండు ఈల్డ్ (మార్కెట్ ధరకి కొంటే వచ్చే రాబడి; ఇది ఎక్కితే బాండు ధర పడుతుంది) దిగాల్సింది పోయి ఎక్కింది, ఆగస్టు చివరికి ఆరున్నర దాటింది. తగ్గింపు సంగతి మార్కెట్ ముందే లెక్కేసుకుంది. పైగా ఆ రోజే ఆర్బీఐ తన వైఖరిని తటస్థానికి మార్చింది, ఇక తగ్గించడానికి పెద్దగా చోటు లేదని అందరికీ అర్థమైంది. ఈల్డ్ ఒక శాతం పెరిగితే పదేళ్ల బాండు ధర సుమారు ఏడు శాతం పడుతుంది. గడువు దాకా ఉంచుకునేవాళ్లకి ఆ హెచ్చుతగ్గులతో పని లేదు. ప్రభుత్వ బాండ్లు ఆర్బీఐ నడిపే రిటైల్ డైరెక్ట్ వెబ్‌సైట్‌లో పది వేల నుంచి నేరుగా కొనుక్కోవచ్చు, ఖాతా తెరవడానికి ఖర్చేమీ లేదు.

కంపెనీ బాండ్లు అసలే వద్దని నేను అనను. పోయినా ఇల్లు కదలని డబ్బుతో, ఒక్కో కంపెనీలో మొత్తం దాంట్లో ఐదు శాతం మించకుండా కొనేవాళ్లు మా దగ్గరా ఉన్నారు. మందుల డబ్బుతో మాత్రం వద్దు.

మాస్టారు పాస్‌బుక్ జేబులో పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "మరి మా బావమరిది పోయిన నెలే ఇందులో ఎనిమిది లక్షలు పెట్టేశాడే?" అన్నారు. అసలు విషయం అదన్నమాట. కాగితాలన్నీ తీసుకుని రమ్మనండి మాస్టారూ, బాండు ఎక్స్ఛేంజీలో లిస్టయిందా, ఇప్పుడు ఏ ధరకి పోతుంది, గడువు ఎప్పుడు అన్నవి చూద్దాం, కంగారుపడి అడ్డికి పావుశేరు అమ్మేయనివ్వకండి అన్నాను. సోమవారం ఇద్దరూ వస్తామన్నారు.