కనబడని పిడిని పిల్లలు ఎందుకు గీస్తారు?

పువ్వు బొమ్మ ఉన్న టీ కప్పును, పిడి అటువైపు పోయి పువ్వు మాత్రం ఇటు కనబడేలా బల్ల మీద పెట్టి, ‘ఎలా కనిపిస్తే అలా గీయండి’ అన్నారు. 1972లో నార్మన్ ఫ్రీమన్, జానికూన్ అనే పరిశోధకులు పిల్లలకు పెట్టిన పరీక్ష ఇది. అయిదారేళ్ల వాళ్లలో ఎక్కువమంది కనబడని పిడిని గీసి, ఎదురుగా ఉన్న పువ్వును వదిలేశారు. ఎనిమిదేళ్ల దగ్గర లెక్క తిరగబడింది: పిడి పోయి పువ్వు వచ్చింది.

చిన్నవాళ్ల లెక్కలో తప్పేమీ లేదు. పిడి లేకపోతే అది కప్పని ఎలా తెలుస్తుంది? పువ్వు లేకపోయినా కప్పు కప్పే. పిల్లలు చూసింది కాక తెలిసింది గీస్తారని ఫ్రాన్స్‌లో ల్యూకే అనే పరిశోధకుడు 1927లోనే చెప్పాడు. కానీ 1983లో ఆలిసన్ డేవిస్ అనే పరిశోధకురాలు రెండు కప్పులు పక్కపక్కన పెట్టింది, ఒకదాని పిడి కనబడేలా, రెండోదానిది కనబడకుండా. ఈసారి చిన్నపిల్లల్లోనూ చాలామంది రెండో కప్పుకు పిడి గీయలేదు. అంటే పిడి కనబడటం లేదన్న సంగతి వాళ్లకు తెలియక కాదు. ఒక్క కప్పే ఉన్నప్పుడు, ఏ వైపు నుంచి చూస్తున్నామన్నది వాళ్ల దృష్టిలో చెప్పాల్సిన విషయమే కాదు.

మన బడుల్లో పర్‌స్పెక్టివ్ పాఠం, అంటే దూరాన్ని బట్టి వస్తువులు చిన్నవిగా కనబడేలా గీయడం, దీనికి పూర్తిగా ఎదురు దిశలో మొదలవుతుంది. బోర్డు మీద ఒక చుక్క, దాని దగ్గర కలిసిపోయే రెండు రైలు పట్టాలు, అటూ ఇటూ చిన్నవవుతూ పోయే కరెంటు స్తంభాలు. దాన్ని చూసి వేసేయడమే. రెండు కొండల మధ్య సూర్యుడు, పక్కన కొబ్బరిచెట్టు ఉండే మన ‘సీనరీ’ కూడా ఇంతే. అది ఎవరు ఎక్కడ నిలబడి చూసిన దృశ్యమో గీసినవాళ్లకే తెలియదు. మూడో తరగతిలో ఆ చుక్క నేర్పడం దండగని నా అభిప్రాయం.

దానికన్నా కిటికీ అద్దం మేలు. అద్దం లేకపోతే పాత ఫొటో ఫ్రేమ్‌కి ప్లాస్టిక్ షీటు బిగించినా చాలు. పిల్లను కూర్చోబెట్టి, గడ్డం బల్లకు ఆనించి, ఒక కన్ను మూసుకుని, బయట కనబడే స్తంభం అంచుల వెంట మార్కర్‌తో గీయమనాలి. అద్దం కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 30 మీటర్ల అవతలున్న 6 మీటర్ల స్తంభం అద్దం మీద 6 సెంటీమీటర్లే వస్తుంది. అంతే ఎత్తున్న స్తంభం 60 మీటర్ల దూరంలో ఉంటే 3 సెంటీమీటర్లు. దూరం రెట్టింపైతే బొమ్మ సగం. మామూలుగా మనకిది తట్టదు, ఎందుకంటే దూరాన్ని లెక్కలో వేసుకుని మెదడు రెండు స్తంభాలనూ ఒకే ఎత్తుగా చూపిస్తుంది. ఇక అసలు తమాషా: తల జానెడు పక్కకి జరిపితే గీత స్తంభం మీంచి జారిపోతుంది. ఆమె చోట్లో పొడుగు పిల్లాడు గడ్డం ఆనించకుండా నిటారుగా కూర్చుంటే అతనికి ఒక్క గీతా కుదరదు. ‘టీచర్, ఇది తప్పుగా గీసింది’ అని వాడు అనడం ఖాయం. పాఠం అక్కడ మొదలవుతుంది.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బ్రూనెలెస్కీ అనే వాస్తుశిల్పి సుమారు 1420 ప్రాంతంలో చేసింది కూడా కంటిని ఒకచోట కట్టేయడమే. తాను వేసిన చిత్రపు పలకకు చిన్న రంధ్రం చేసి, వెనకనుంచి అందులో కన్ను పెట్టి, ఎదురుగా పట్టుకున్న ముఖం చూసుకునే అద్దంలో ఆ చిత్రాన్ని చూడమన్నాడు.

బొమ్మంటే ఒకే చోటు నుంచి, ఒకే కంటితో చూసినట్టు ఉండాలన్న నియమం మాత్రం లేదు. తెలంగాణలో కథలు చెప్పడానికి వేసే చేర్యాల పటాల్లో మనిషి పరిమాణం దూరాన్ని బట్టి కాక కథలో ప్రాధాన్యాన్ని బట్టి ఉంటుంది. ప్రాచీన ఈజిప్టులో నెబమూన్ అనే అధికారి సమాధి గోడకు వేసిన చిత్రంలో కొలను పైనుంచి చూసినట్టు, చుట్టూ చెట్లు పక్కనుంచి చూసినట్టు ఉంటాయి. పిల్లలు చెరువు వేసేదీ అచ్చం ఇలాగే. దానికి మార్కులు కోసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎక్కడినుంచి చూస్తున్నామన్న సంగతి పిల్లలకు పట్టాలంటే, అది అవసరమయ్యే పని ఇవ్వాలి. మధ్యలో ఒక కప్పు, ఒక స్టీలు గ్లాసు పెట్టి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి, కొందరిని నేలమీద, కొందరిని బెంచీ మీద. గ్లాసు అంచు పైనుంచి చూసేవాళ్లకు కోలగా, కంటి ఎత్తులో ఉన్నవాళ్లకు సన్నని గీతలా కనబడుతుంది. పేర్లు రాయని బొమ్మలన్నీ కలిపేసి, ఏది ఏ చోటునుంచి గీసిందో కనుక్కోమనండి. కనబడని పిడిని గీసినవాడి బొమ్మ వేరే చోటికి వెళ్లిపోతుంది, వాడు లేచి తగువుకి దిగుతాడు. రెండోసారి గీసేటప్పుడు కప్పు వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూస్తాడు.