తాళంచెవి పోయిన పాత బ్రిటిష్ కార్లు: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ దగ్గర పాత కార్లు బాగుచేసే షెడ్డులో 18 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఇంజిన్లు నా శాఖ కాదు. తాళాలు, డోర్ హ్యాండిళ్లు, స్విచ్చులు, అద్దం దించే మెషిన్లు, ఇలాంటి చిల్లర సామానంతా నా బల్ల మీదికి చేరుతుంది. ఈమధ్య ఇక్కడున్న మనవాళ్లు కూడా ఎంజీబీ స్పోర్ట్స్ కార్లు, మినీలు కొంటున్నారు. హైదరాబాద్‌లో తాతగారి మోరిస్ మైనర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతున్నారు. ఎక్కువమంది అడిగేది ఒకటే: "అన్నా, బండి దొరికింది, తాళంచెవి లేదు. లాకులన్నీ మార్చెయ్యాలా?"

అక్కర్లేదు. కానీ ఆ మాట నమ్మించడం కష్టం. ఎందుకంటే అప్పటికే ఎవరో ఒకరు వాళ్లకి ఈ కింది వాటిలో ఒకటి చెప్పి ఉంటారు.

అపోహ: చెవి పోయిందంటే తాళాలన్నీ పీకి కొత్త సెట్ వెయ్యాల్సిందే.

1950లు, 60ల నాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి తాళాలు రెండు మూడు చోట్ల నుంచే వచ్చేవి. బర్మింగ్‌హామ్‌లోని విల్మట్ బ్రీడెన్, తాళాల ఊరుగా పేరున్న విల్లెన్‌హాల్‌లోని యూనియన్, వీటిదే ఎక్కువ వాటా. చెవులు వరుసల ప్రకారం చేసేవారు. ఎఫ్ఏ 501 నుంచి 625 దాకా ఒక వరుస, ఎఫ్‌పీ 626 నుంచి 750 దాకా ఇంకొకటి, ఎఫ్ఎస్ 876 నుంచి 955 దాకా మరొకటి. అక్షరాలు ఏ వరుసో చెబుతాయి, అంకె పళ్ల కోత చెబుతుంది. ఆ నంబరు తెలిస్తే పాత చెవి చూడనక్కర్లేదు, పట్టిక చూసి కొత్తది కోసెయ్యొచ్చు. నంబరు ఎక్కడుంటుంది? చాలా కార్లలో ఇగ్నిషన్ తాళం ముఖం మీదే, చెవి దూరే సందు పక్కన కొట్టి ఉంటుంది. అరవై ఏళ్ల జిడ్డు కింద దాక్కుని ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

నాకూ కనపడలేదు. చేరిన మొదటి ఏడాది ఒక జాగ్వార్ ఈ-టైప్ స్పోర్ట్స్ కారు ఇగ్నిషన్ బ్యారెల్‌ని, అంటే చెవి దూరే గొట్టాన్ని, డ్రిల్లుతో తొలిచేశాను. పని అయ్యాక కింద పడ్డ ముక్క తీసి తుడిస్తే ఎఫ్ఎస్ అనే అక్షరాలు, పక్కన రెండంకెలు. మూడో అంకె ఉన్నచోటే నా డ్రిల్లు దిగింది. మా పెద్ద మేస్త్రీ ఒక్క మాట అనలేదు. ఆ ముక్కని నా బల్ల ఎదురుగా గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకని ముందు చెయ్యాల్సింది ఇది. పాత టూత్‌బ్రష్‌ని కిరోసిన్‌లో ముంచి తాళం ముఖాన్ని మెల్లగా రుద్దండి. గుడ్డతో తుడిచి, ఫోన్ టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు డ్యాష్‌బోర్డ్‌కి ఆనించి పట్టండి. వెలుతురు వాలుగా పడితేనే అంకెల లోతు తెలుస్తుంది. 3, 8 తేడా తేలకపోతే రెండు చెవులూ కోయించండి. ఒక చెవి ఖర్చే కదా ఎక్కువ. ముఖం మీద లేకపోతే డోర్ హ్యాండిల్ విప్పి దాని బ్యారెల్ ఒంటి మీద వెతకండి. అక్కడా దొరక్కపోతే గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్ ఒక దారి. ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసి ఇస్తారు. కొన్ని మోడళ్లకి అందులో తాళంచెవి నంబరు కూడా వస్తుంది, అన్నిటికీ రాదు. డబ్బు కట్టే ముందు మీ మోడల్‌కి ఉందో లేదో అడగండి.

ఇంకో సంగతి. కారు మొత్తానికి ఒకే చెవి అనుకోకండి. ఆ కాలపు జాగ్వార్ సెలూన్లలో (నాలుగు తలుపుల కార్లలో) ఇగ్నిషన్‌కీ తలుపులకీ ఒక చెవి, డిక్కీకీ గ్లవ్ బాక్స్‌కీ ఇంకో చెవి ఇచ్చేవారు. హోటల్ ముందు బండి పార్క్ చేసే కుర్రాడికి మొదటిది ఇచ్చి రెండోది జేబులో వేసుకోవచ్చని. కాబట్టి ఇగ్నిషన్ చెవి డిక్కీలో తిరగలేదని సుత్తి తియ్యొద్దు.

అపోహ: ఆ కాలం బండ్లకి ఏ చెవైనా పడుతుంది.

మనవైపు అంబాసిడర్ గురించి అనేవాళ్లు గుర్తుందా, ఏ అంబాసిడర్ చెవైనా ఏ అంబాసిడర్‌కైనా పడుతుందని. మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కి పుట్టిన బిడ్డే కాబట్టి ఇక్కడి కార్ల గురించీ అదే మాట వినిపిస్తుంది. ఇందులో సగం నిజం. లెక్క చూడండి. ఎఫ్ఎస్ వరుసలో ఉన్నవి 80 నంబర్లే. ఈ-టైప్‌లు మొత్తం 72 వేలకు పైగా తయారయ్యాయి. అన్నిటికీ ఈ వరుసే వెయ్యలేదు గానీ, లెక్క కోసం వేశారనుకుంటే ఒక్కో నంబరుకి 900 కార్లు వస్తాయి. 80 చెవుల గుత్తి ఒకటి నా డ్రాయర్‌లో ఉంది. నంబరు దొరకని తాళం వస్తే ఓపిగ్గా ఒక్కొక్కటే పెట్టి చూస్తాను. రేడియోలో క్రికెట్ వింటూ చేసే పని అది.

మిగతా సగం అరుగుదల. తాళం కొత్తగా ఉంటే దాని చెవే తిప్పుతుంది. అరిగితే పక్కింటి చెవీ తిప్పుతుంది, స్క్రూడ్రైవర్ కూడా తిప్పుతుంది. బండి నడుస్తుండగానే చెవి ఊడి చేతిలోకి వచ్చే ఇగ్నిషన్లు నెలకొకటైనా చూస్తాను. ఓనర్లు అదేదో సరదా విషయంలా వీడియో తీసి పంపుతారు.

అపోహ: ఉన్న పాత చెవికి నకలు తీయిస్తే సరిపోతుంది.

అరిగిన చెవికి నకలు తీస్తే అరుగుదలకి కూడా నకలు వస్తుంది. మెషిన్ పాపం చూపించిందే కోస్తుంది. ఆ నకలుకి ఇంకో నకలు తీస్తే అది ఒక రోజు తిరుగుతుంది, ఒక రోజు తిరగదు. చలికాలం పొద్దున అసలు తిరగదు. మీ చేతిలో నంబరుంటే నంబరు ప్రకారమే కోయించుకోండి.

కొత్త చెవి కూడా సరిగ్గా తిరగకపోతే తప్పు లోపల ఉందని అర్థం. ఇక్కడ బ్యారెల్ సంగతి కాస్త చెప్పాలి. బొటనవేలంత ఇత్తడి గొట్టం. లోపల గోరంత పలచని రేకులు వరుసగా నిలబడి ఉంటాయి, వీటినే వేఫర్లంటాం. ప్రతి రేకు మధ్యలో కిటికీ లాంటి చిల్లు, చంకలో జీలకర్ర గింజంత స్ప్రింగు. చెవి దూరినప్పుడు ఏ రేకు ఎంత జరగాలో అంతే జరిగి, అన్నీ బ్యారెల్ ఒంటికి సమంగా నిలుస్తాయి. అప్పుడే తిరుగుతుంది. ఒక్క రేకు తల బయటపెట్టినా బయటి గాడిలో అడ్డం పడుతుంది.

ఈ కార్లకి స్విచ్చులు, కరెంటు సామాను చేసిన ల్యూకాస్ కంపెనీ ఇగ్నిషన్ స్విచ్చుల్లో చాలావాటికి పక్కన సన్నటి రంధ్రం ఉంటుంది. చెవి పెట్టి కొంచెం తిప్పి, అందులో పిన్ను గుచ్చితే బ్యారెల్ జారి వస్తుంది. ఈ పని పారదర్శకంగా ఉండే పెద్ద ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చెయ్యండి. స్ప్రింగు ఎగిరితే సంచిలోనే పడుతుంది. లేదంటే ఆ రోజంతా నేల మీద అయస్కాంతం పట్టుకుని పాకాలి, అది ఇత్తడి స్ప్రింగైతే అయస్కాంతానికీ దొరకదు. రేకుల్ని ఏ వరుసలో తీశారో ఫోటో తీసుకోండి. కొత్త చెవి పెట్టి చూసి, తల బయటపెట్టిన రేకు బదులు ఇంకో పాత బ్యారెల్ నుంచి సరైన ఎత్తు రేకు తెచ్చి వెయ్యాలి. అందుకే పాడైపోయిన తాళాలు కూడా నేను పారెయ్యను. ఆకురాయితో రేకు తల అరగదీసి సరిపెట్టేవాళ్లున్నారు. తిరుగుతుంది, కాదనను. కానీ రెండు రేకులు అలా అరగదీశాక ఆ తాళానికి, తలుపుకి కట్టిన దారానికి పెద్ద తేడా ఉండదు.

అపోహ: వైర్లు కలిపేస్తే పోయేదానికి ఇంత హంగామా ఎందుకు?

టెన్షన్ లేకుండా అంటారు ఈ మాట. ల్యూకాస్ వైరింగ్‌లో గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెల్లది ఇగ్నిషన్‌ది. రెండింటికీ సాధారణంగా ఫ్యూజు ఉండదు. ఫ్యూజు దాటాక వచ్చేది ఆకుపచ్చ. అంటే డ్యాష్‌బోర్డ్ వెనక చీకట్లో తెల్ల వైరు బాడీకి తగిలిందంటే ఆపేదేమీ లేదు, వైరింగ్ మొత్తం పొగవుతుంది. పైగా 1967 దాకా వచ్చిన ఎంజీబీల్లాంటి వాటిలో బాడీకి కలిపేది బ్యాటరీ పాజిటివ్. మన లెక్క ప్రకారం తిరగేసి ఉంటుంది. స్విచ్చు మీద చెయ్యి వేసేముందు బ్యాటరీ విప్పండి. 1970ల మొదటి నుంచి వచ్చిన కార్లలోనైతే స్టీరింగ్ లాక్ కూడా ఉంటుంది. వైర్లు కలిపినా చక్రం తిరగదు. ఆ లాకుని పట్టుకునేవి బిగించగానే తల తెగిపోయే బోల్టులు. వాటిని విప్పడం ఇంట్లో చేసే పని కాదు.

అపోహ: బిగిసిన తాళానికి డబ్ల్యూడీ-40 కొడితే చాలు.

విడిపించడానికి మంచిదే. అక్కడితో ఆపకూడదు. ఆ తడి మీద దుమ్ము చేరి, ఏడాదికి మళ్లీ బిగుస్తుంది. విడిపోయాక కడిగి, ఆరబెట్టి, గ్రాఫైట్ పొడి వెయ్యండి. నూనె మీద గ్రాఫైట్ వేస్తే మాత్రం కాటుక ముద్ద అవుతుంది.

అపోహ: కొత్తగా చేసి అమ్మే లాక్ సెట్, పాతదీ ఒకటే.

చూడ్డానికి అవును. చేతికి తీసుకుంటే బరువులోనే తెలుస్తుంది. కొన్నిటిలో లోహం మెత్తగా ఉండి రెండేళ్లకే చెవి ఆడుతుంది. పాత నంబరు వరుసకీ వీటికీ చుట్టరికం ఉండదు. వేరే దారి లేనప్పుడు నేనూ వేస్తాను, కానీ పాత బ్యారెళ్లు కవర్లో పెట్టి ఓనర్ చేతికే ఇస్తాను. పాత కార్ల షోకి తీసుకెళ్లినప్పుడు జడ్జి మొదట చూసేది పెయింటే. రెండోది చాలాసార్లు చెవి.

అపోహ: ఛాసిస్ నంబరు ఇస్తే షోరూమ్‌వాళ్లు చెవి తెప్పిస్తారు.

చిప్పు చెవులు వచ్చాక పుట్టిన అలవాటు ఇది. 1965 మోరిస్‌కి చిప్పూ లేదు, ప్రోగ్రామింగూ లేదు. ఫోన్ ఎత్తినవాళ్లు పుట్టకముందు బండి అది.

అపోహ: వీ5సీ (బండి రిజిస్ట్రేషన్ పత్రం) నా పేరు మీదుంది, బండి నాదని అదే రుజువు.

ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ల కోసం ఇది. వీ5సీ చెప్పేది బండి ఎవరి పేరున రిజిస్టరైందో మాత్రమే. అది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే రాసి ఉంటుంది. చెవి లేని బండికి చెవి చెయ్యమంటే నేను కొనుగోలు రసీదు కూడా అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. వచ్చినా అడుగుతాను.

అపోహ: తాళం ఫోటో నెట్‌లో పెడితే ఏమవుతుంది?

పోయిన నెల ఒక తమ్ముడు తన ఎంజీబీ డ్యాష్‌బోర్డ్ తళతళలాడేలా తుడిచి, ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టాడు. నేను చెప్పినట్టే కిరోసిన్‌తో రుద్దాడు, లైటు వాలుగా పట్టాడు. మూడంకెలూ చక్కగా చదవొచ్చు. కింద నూట ఇరవై లైకులు. ఫోన్ చేసి "నాన్నా, నీ కారు చెవి అందరికీ పంచావురా" అంటే మొదట అర్థం కాలేదు. పది నిమిషాలకి ఫోటో మారింది. ఇప్పుడున్న దాంట్లో తాళం మీద అతని బొటనవేలుంది.