హోప్‌టౌన్ దీపం: చిక్కంతా 1973లో పడింది

బహమాస్ లైట్‌హౌస్‌ల మాట వచ్చినప్పుడల్లా రెండు కథలు చెబుతారు. మునిగిన ఓడల సరుకు మీద బతికే హోప్‌టౌన్ జనం 1860ల్లో టవర్ కట్టనివ్వకుండా అడ్డుపడ్డారన్నది ఒకటి. 2019 సెప్టెంబరు 1న ఆ ఊరి మీద విరుచుకుపడిన డోరియన్ తుపాను రెండోది. వినడానికి బాగానే ఉంటాయి గానీ, దీపాల ఖర్చు ఎవరు భరించాలన్న ఇప్పటి పేచీకి వాటిలో జవాబు దొరకదు.

1836 నుంచి 1887 దాకా ఈ దీవుల్లో టవర్లు కట్టించింది బ్రిటిష్ వాళ్లు. అది దీవుల వాళ్ల మీద ప్రేమతో చేసిన పని కాదు, దారిన పోయే ఓడల కోసం. జీతాలూ నూనే బ్రిటన్ నడిపే ఇంపీరియల్ లైట్‌హౌస్ సర్వీసు చూసుకునేది. డబ్బు బ్రిటన్ రేవుల్లో ఓడలు కట్టే దీపాల రుసుం నుంచి వచ్చేది. 1973 జూలైలో స్వాతంత్ర్యం వచ్చింది. టవర్లు రాజధాని నసావ్‌లోని పోర్ట్ డిపార్ట్‌మెంట్ చేతికొచ్చాయి, ఆ నిధి మాత్రం రాలేదు.

ఇక డిపార్ట్‌మెంట్‌కి కనిపించిన దారి ఆటోమేషన్, అంటే మనిషి లేకుండా దీపం దానంతటదే వెలగడం. కాపలాదారుకి జీతం మిగులుతుంది, పైగా ఇప్పుడు ఓడల్లో జీపీఎస్ ఉంది కదా అన్నది వాళ్ల వాదన. లెక్కల్లో అది నిజమే. కానీ మనిషి వెళ్లిపోయిన చోట ఉప్పుగాలి ఇనుమును తినేసింది. బర్డ్ రాక్ లైట్‌హౌస్ కాపలాదారుల ఇళ్లు మొండిగోడలయ్యాయి.

1990ల నాటికి చేత్తో నడిచే కిరసనాయిలు దీపాలు మూడే మిగిలాయి: హోప్‌టౌన్, శాన్ సాల్వడార్, ఇనాగువా. హోప్‌టౌన్‌నీ మార్చేయబోతే ఈసారి ఊరే అడ్డం తిరిగింది. ఆ దీపం తీరు చూస్తే వాళ్ల పట్టుదల అర్థమవుతుంది. మన పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ లాగే పంపు కొట్టి, ఆవిరైన కిరసనాయిలుతో మాంటిల్ వెలిగిస్తారు. పాదరసం మీద తేలే పెద్ద గాజు కటకం దాని చుట్టూ తిరుగుతుంది. తిప్పేది టవర్ లోపల కిందికి దిగే బరువు. కాపలాదారు రెండు గంటలకోసారి లేచి దాన్ని చేత్తో పైకి చుట్టాలి. ఆ కటకం కూడా 1936లో గన్ కే టవర్ నుంచి ఊడదీసి తెచ్చిందే. ఇలాంటి యంత్రాన్ని ఒకసారి ఆపేస్తే మళ్లీ నడిపే చేయి దొరకదని ఊరివాళ్లు చెప్పింది పాత వస్తువుల మీద మోజు కాదు, అనుభవం.

మరి దీపాల ఖర్చు దారిన పోయే విదేశీ ఓడ దగ్గర వసూలు చేద్దామంటే కుదరదు. తీరజలాలు దాటినందుకే సుంకం వేయకూడదని 1982 సముద్ర చట్ట ఒప్పందం అంటోంది. అయితే 1976 చట్టంతో మొదలైన బహమాస్ నౌకా రిజిస్టరు ఇవాళ ప్రపంచంలోని పెద్దవాటిలో ఒకటి. అందులో నమోదై బహమాస్ జెండా కట్టుకున్న ప్రతి ఓడా ఏటా ఫీజు కడుతుంది. పది డాలర్ల నోటు మీద హోప్‌టౌన్ దీపాన్ని అచ్చేసుకున్న ప్రభుత్వం, ఆ ఫీజులోంచి కాస్త ఇటు ఎందుకు మళ్లించదో చెప్పాలి.